వెళ్లే దూరం, వచ్చే దూరం

మా బాబాయి బస్ డిపోలో టైంటేబుళ్లు వేసే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఎక్కడికి బయల్దేరినా ముందు కిలోమీటర్లు అడుగుతాడు, ఆ తర్వాత గంటలు. పోయిన నెల మొదటిసారి విమానం ఎక్కాల్సి వచ్చినప్పుడూ అదే పని చేశాడు. ఫోన్‌లో రెండు ఊళ్ల పేర్లు కొడితే ఏదో సైటు "2,400 కి.మీ., ప్రయాణ సమయం 3 గంటల 30 నిమిషాలు" అని చూపించిందట. టికెట్ చూస్తే పోవడానికి 4 గంటల 5 నిమిషాలు, రావడానికి 3 గంటల 35 నిమిషాలు. వెంటనే నాకు ఫోను.

"ముప్పై అయిదు నిమిషాలు ఎక్కడ తిప్పుతున్నార్రా వీళ్లు? వచ్చేటప్పుడు సరిగ్గానే వస్తున్నారుగా, పోయేటప్పుడేం రోగం?"

గాలి బాబాయ్ అన్నాను. పశ్చిమానికి పోయే విమానానికి గాలి ఎదురొస్తుంది, తూర్పుకి వచ్చేదాన్ని వెనక నుంచి తోస్తుంది అని ఏదో తెలిసినంత చెప్పాను. ఆయన ఊరుకునే రకం కాదు. "టికెట్ మూడు నెలల ముందు అమ్మారు కదా. మూడు నెలల తర్వాత ఫలానా రోజున వీచే గాలి సంగతి వాళ్లకెలా తెలుసు?"

నా దగ్గర జవాబు లేదు. చూసి చెప్తానని పెట్టేశాను. చూడటం మొదలుపెట్టాక తేలిందేమిటంటే, బాబాయిని తప్పుదారి పట్టించింది టికెట్ కాదు, ఆ సైటు. రెండు ఊళ్ల మధ్య దూరానికి ఒక అంకె ఉండొచ్చు. దాన్ని నేను ఒప్పుకుంటాను. కానీ విమానంలో పట్టే సమయానికి ఒకే అంకె ఉన్నట్టు, అదీ దూరం పక్కన అంతే ధీమాగా అచ్చేయడం శుద్ధ తప్పు.

ఆ 3 గంటల 30 నిమిషాలు ఎలా వచ్చాయో చూడండి. దూరాన్ని గంటకు 800 కిలోమీటర్లతో భాగించారు, ఎక్కడానికీ దిగడానికీ కలిపి ఓ అరగంట పడేశారు. చాలా సైట్లు చేసేది ఇంతే. ఆ దారిలో నిజంగా తిరిగే విమానాలు ఎంతసేపు తీసుకుంటున్నాయో ఎవరూ చూడలేదు. అసలు ఆ రెండు ఊళ్ల మధ్య నేరుగా విమానం ఉందా లేదా అన్నది కూడా ఆ లెక్కకు అక్కర్లేదు. నడి సముద్రంలో రెండు చుక్కలు పెట్టినా అంతే ధీమాగా సమయం చెప్తుంది.

గ్లోబు మీద దారం

ముందు దూరం సంగతి. అది కాస్త గట్టి నేల.

ఒకసారి విమానంలో నా పక్క సీటాయన ముందున్న తెర మీద మ్యాప్ చూస్తూ తెగ ఇబ్బంది పడ్డాడు. మ్యాప్‌లో మా దారి విల్లులా పైకి వంగి ఉంది. "నేరుగా పోకుండా ఇంత చుట్టు తిరిగి పోతున్నాడేంటండీ" అని నన్నడిగాడు. చేతిలో గ్లోబు ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోయే విషయం. గ్లోబు మీద రెండు ఊళ్ల దగ్గర గుండుసూదులు పెట్టి, మధ్యలో దారం బిగించి లాగితే అది తనంతట తనే అతి దగ్గర దారిలో కూర్చుంటుంది. దాన్నే గ్రేట్ సర్కిల్ అంటారు. గుండ్రటి భూమిని చదును కాగితం మీద పరిచేసరికి ఆ బిగుతు దారమే వంకరగా కనబడుతుంది, అంతే.

ఢిల్లీకీ శాన్‌ఫ్రాన్సిస్కోకీ మధ్య దారం లాగి చూశాను. నేను అనుకున్నట్టు యూరప్ మీదుగానూ పోలేదు, పసిఫిక్ మీదుగానూ పోలేదు. తిన్నగా ఉత్తరానికి లేచి, సైబీరియా దాటి, ఆర్కిటిక్ మంచు మీదుగా అవతలి వైపు దిగింది. ఆ దారం పొడవు సుమారు 12,400 కిలోమీటర్లు.

ఈ అంకె మీద తగువు పెట్టుకోవడానికి పెద్దగా ఏమీ లేదు. భూమిని 6,371 కిలోమీటర్ల వ్యాసార్ధం ఉన్న బంతి అనుకుని లెక్కేస్తే ఒక విలువ వస్తుంది. ధ్రువాల దగ్గర కాస్త నొక్కుకుపోయిందని గుర్తు పెట్టుకుని లెక్కేస్తే ఇంకో విలువ. తేడా సుమారు అర శాతానికి మించదు. ఊరి నడిబొడ్డు నుంచా, విమానాశ్రయం నుంచా అన్న ప్రశ్న కొన్నిచోట్ల అంతకన్నా పెద్దది. నరీతా విమానాశ్రయం టోక్యో నడిబొడ్డుకు 60 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. ఏదేమైనా ఒకసారి కొలిచిన దూరం వేసవికీ శీతాకాలానికీ మారదు, ప్రభుత్వాలు మారినా మారదు.

చిక్కంతా ఆ దారం వెంట విమానం పోతుందని నమ్మడంతో మొదలవుతుంది.

పొడుగు దారి, తక్కువ గంటలు

2016 అక్టోబరు దాకా ఎయిర్ ఇండియా ఢిల్లీ–శాన్‌ఫ్రాన్సిస్కో విమానం అట్లాంటిక్ మీదుగా వెళ్లేది. ఆ దారి సుమారు 13,900 కిలోమీటర్లు. ఆ నెలలో పోయేటప్పుడు పసిఫిక్ మీదుగా వెళ్లడం మొదలుపెట్టారు. ఆ దారి సుమారు 15,300 కిలోమీటర్లు, అంటే 1,400 కిలోమీటర్లు ఎక్కువ. అయినా ప్రయాణం దాదాపు రెండు గంటలు తగ్గి పద్నాలుగున్నర గంటల్లో అయిపోయింది. ఎందుకంటే అట్లాంటిక్ దారిలో గాలి ఎదురొస్తుంది, పసిఫిక్ దారిలో అదే గాలి వెనక నుంచి తోస్తుంది.

ఇదే రెండు ఊళ్లకు ఆ సైటు లెక్క వేస్తే? 12,400ని 800తో భాగించి అరగంట కలిపితే 16 గంటలు. అట్లాంటిక్ మీద ఎక్కువ పట్టేది, పసిఫిక్ మీద తక్కువ పట్టింది, వాటిలో ఏ విమానమూ ఆ 12,400 దారిలో పోలేదు. మూడు దూరాలు, రెండు సమయాలు. ఇందులో ఏ అంకెను ఏ అంకెతో భాగిస్తాం?

బాబాయికి ఈ ఉదాహరణ చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "బైపాస్ మీద పోయినట్టు" అన్నాడు. నిజమే, ఊరి మధ్య నుంచి దగ్గరే, బైపాస్ మీద త్వరగా. కాకపోతే ఈ బైపాస్ రోజూ జాగా మారుతుంది.

ఆ గాలి కథ కూడా చిన్నది కాదు. నేల నుంచి సుమారు 10 కిలోమీటర్ల ఎత్తులో, పశ్చిమం నుంచి తూర్పుకి, నదిలా మెలికలు తిరుగుతూ పారే ఈ గాలిని జెట్ స్ట్రీమ్ అంటారు. 1920లలో జపాన్‌లో వాసబురో ఓయిషి అనే వాతావరణ శాస్త్రవేత్త బెలూన్లు ఎగరేసి దీన్ని పసిగట్టాడు. ప్రపంచమంతా చదవాలని తన నివేదికను, అన్ని దేశాలవాళ్లకూ ఉమ్మడిగా ఉండాలని తయారుచేసిన ఎస్పరాంటో భాషలో రాశాడు. దాంతో దాదాపు ఎవరూ చదవలేదు. 1944 చివర్లో అమెరికా బి-29 బాంబర్లు జపాన్ మీదికి అంత ఎత్తులో వెళ్లి, ఆ గాలిలో చిక్కుకున్నాక అందరికీ తెలిసొచ్చింది.

విమానం వేగం గాలితో పోల్చి చెప్పేది, నేలతో పోల్చి కాదు. ఏటివాలున పడవ, ఏటికి ఎదురీదే పడవ తెలిసిన వాళ్లకు ఇంతకన్నా చెప్పక్కర్లేదు. 2020 ఫిబ్రవరిలో కియారా తుపాను రోజుల్లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ 747 ఒకటి న్యూయార్క్ నుంచి లండన్‌కు 4 గంటల 56 నిమిషాల్లో చేరింది. మామూలుగా అయితే ఆరు గంటల పైమాటే. నేల మీద కొలిస్తే ఒక దశలో గంటకు 1,300 కిలోమీటర్లు దాటింది. అలాగని అది ధ్వని వేగాన్ని మించి పోయిందనుకోకూడదు, దాని చుట్టూ ఉన్న గాలే అంత జోరుగా కదులుతోంది. అదే గాలికి ఎదురుగా ఆ రోజు లండన్ నుంచి న్యూయార్క్ పోయిన వాళ్ల అవస్థ ఊహించుకోవచ్చు.

ఇక్కడ చిన్న ఒప్పుకోలు. కాలేజీ రోజుల దాకా నేను ఈ తేడాకి కారణం భూమి తిరగడమే అనుకునేవాణ్ణి. భూమి కింద తిరుగుతూ ఉంటుంది కాబట్టి ఒక వైపు పోయేవాడికి ఊరు దగ్గరకొస్తుంది, ఇంకో వైపు పోయేవాడికి దూరమవుతుంది అని. అదే నిజమైతే పశ్చిమానికి పోయేవాడే ముందు చేరాలి, జరిగేది సరిగ్గా ఉల్టా. గాలి కూడా భూమితో కలిసి తిరుగుతుంది కాబట్టి విమానానికి ఆ తిరుగుడు తెలియనే తెలియదు. కాకపోతే ఆ జెట్ స్ట్రీమ్ పుట్టడంలో, అది తూర్పు వైపే పారడంలో భూభ్రమణానికి చెయ్యి ఉంది. కాబట్టి నా తప్పు పూర్తి తప్పు కాదని ఇప్పటికీ సమర్థించుకుంటాను.

"సగటు చెప్తే సరిపోదా?"

ఇదంతా విని నా స్నేహితుడొకడు అడ్డం తిరిగాడు. పోయేటప్పుడు గాలి తినేసిన సమయాన్ని వచ్చేటప్పుడు తిరిగి ఇచ్చేస్తుందిగా, రెండూ కలిపి సగం చేస్తే ఒక అంకె వస్తుంది, అది చెప్తే తప్పేంటి అన్నాడు. వినడానికి న్యాయంగానే ఉంది. కాగితం మీద పెట్టి చూశాం.

దూరం 4,000 కిలోమీటర్లు, విమానం వేగం 900, గాలి 100 అనుకుందాం. వెనక గాలితో గంటకు 1,000 చొప్పున 4 గంటలు. ఎదురుగాలితో 800 చొప్పున 5 గంటలు. మొత్తం 9 గంటలు. గాలే లేకపోతే రానూపోనూ 8 గంటల 53 నిమిషాలు. ఏడు నిమిషాలు ఎటు పోయాయి? ఎదురుగాలిలో విమానం ఎక్కువసేపు ఉంటుంది, వెనక గాలిలో తక్కువసేపు. కాబట్టి గాలి తీసుకున్నంత తిరిగివ్వదు. ఏడు నిమిషాలే కదా అన్నాడు వాడు. గాలిని 200 చేసి చూడమన్నాను. తొమ్మిది గంటల 21 నిమిషాలయ్యేసరికి కాగితం నా వైపు తోసేశాడు.

నాకు ఏడు నిమిషాలు, ఇరవై ఎనిమిది నిమిషాలు కాదు బాధ. నాలుగున్నర గంటలు అన్న సగటు ఎవరి ప్రయాణం? పోయేవాడిది కాదు, వచ్చేవాడిదీ కాదు. అవతల దిగి ఇంకో విమానం అందుకోవాల్సిన వాడికి ఆ సగటు పనికిరాదు సరికదా, హాని చేస్తుంది.

తోక మీది గుర్తు

గాలి కనీసం ఎవరి పక్షమూ వహించదు. ఆకాశంలో గీసిన సరిహద్దులు అలా కాదు.

హెల్సింకి–టోక్యో మధ్య దారం పొడవు 7,800 కిలోమీటర్లు. 2022 ఫిబ్రవరి దాకా ఫిన్‌ఎయిర్ విమానం రష్యా మీదుగా తొమ్మిది, తొమ్మిదిన్నర గంటల్లో వెళ్లేది. యుద్ధం మొదలై రష్యా ఆకాశం మూతపడ్డాక ఉత్తర ధ్రువం మీదుగానో, దక్షిణంగా చుట్టు తిరిగో పోవాల్సి వచ్చి 13 గంటల దాకా అయింది. ధ్రువం దాటినందుకు ప్రయాణికులకు సర్టిఫికెట్లు కూడా ఇచ్చారు. ఊళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి, విమానాలూ అవే.

ఇంకా విచిత్రం, ఆ మూత అందరికీ కాదు. యూరప్ సంస్థలు చుట్టు తిరిగిపోతుంటే చైనా సంస్థలు రష్యా మీదుగా నేరుగా పోతూనే ఉన్నాయి. 2025 ఏప్రిల్‌లో పాకిస్థాన్ తన ఆకాశాన్ని భారతీయ విమానాలకు మూసేసినప్పుడు ఢిల్లీ నుంచి పడమటికి పోయే మన సంస్థల విమానాలు దక్షిణంగా చుట్టు తిరిగాయి, వేరే దేశాల సంస్థల విమానాలకు ఆ బాధ లేదు. అవే రెండు ఊళ్లు, అదే రోజు, అదే గాలి. అయినా తోక మీద ఏ దేశపు గుర్తుందో దాన్ని బట్టి గంటలు మారతాయి. ఇవన్నీ వదిలేసి దూరం పక్కన ఒక్క సమయం అచ్చేసే సైటుకు నేను ఏం మర్యాద ఇవ్వను?

టికెట్ మీది అంకె సంగతి

బాబాయి అసలు ప్రశ్నకు వద్దాం. మూడు నెలల ముందు గాలి సంగతి ఎలా తెలుసు? తెలియదు. గత కొన్నేళ్లలో ఆ దారిలో, ఆ రుతువులో విమానాలు ఎంతసేపు తీసుకున్నాయో లెక్కలు ఉంటాయి. వాటిని చూసి, ఎక్కువ రోజులు సరిపోయేలా ఒక అంకె పెడతారు. పైగా టికెట్ మీది సమయం గాల్లో ఉండే సమయం కాదు. గేటు దగ్గర బ్రేకు తీసినప్పటి నుంచి అవతల గేటు దగ్గర బ్రేకు వేసేదాకా. దీన్ని బ్లాక్ టైం అంటారు. రన్‌వే దాకా పాకడం, వరసలో నిలబడటం, దిగాక గేటు దాకా మళ్లీ పాకడం అన్నీ అందులోనే. ఆమ్‌స్టర్‌డామ్ విమానాశ్రయంలో ఒక రన్‌వే ఎంత దూరంగా ఉంటుందంటే, దిగిన తర్వాత గేటు చేరడానికే పావుగంట పట్టొచ్చు.

ఇక్కడ నా వాదనకే నేను అడ్డు చెప్పుకోవాలి. టికెట్ మీది అంకె కూడా అంత పవిత్రమేం కాదు. విమానం సమయానికి వచ్చిందో లేదో ఈ టైంతోనే పోలుస్తారు. అమెరికాలో అయితే పదిహేను నిమిషాల లోపు ఆలస్యాన్ని ఆలస్యంగానే లెక్కపెట్టరు. కాబట్టి ముందే కొన్ని నిమిషాలు కలిపేసుకుంటే రికార్డు బాగుంటుంది. ఇంధనం ఆదా కోసం కావాలని కాస్త మెల్లగా నడపడమూ ఉంది. జెట్ విమానాలు వచ్చిన తొలి రోజులతో పోలిస్తే ఇప్పటి విమానాలు వేగంలో ముందుకు పోయింది ఏమీ లేదు. ధ్వనిని మించిన వేగంతో పోయే కాంకార్డ్ విమానం 2003లో ఆగిపోయాక వేగం గురించి మాట్లాడేవాళ్లే తగ్గారు.

ఒకసారి మా విమానం ఇరవై నిమిషాలు ముందే దిగింది. పైలట్ మైకులో గర్వంగా ప్రకటించాడు. అందరూ లేచి బ్యాగులు దించుకుని నడవలో నిలబడ్డారు. అప్పుడు చెప్పారు, మా గేటులో ఇంకో విమానం ఉందని. బ్యాగులు భుజాన వేసుకుని మెడలు వంచి పాతిక నిమిషాలు నిలబడ్డాం. ఒక పెద్దావిడ మాత్రం కూర్చునే ఉంది. "ముందొచ్చి ఏం లాభం నాయనా, మనం రావాల్సిన టైంకే కదా వచ్చింది" అంది.

ఆ కలిపిన నిమిషాల్లో కొంత మోసం ఉందని నేనూ అనుకుంటాను. కానీ ఆ సైటు చెప్పే అంకెకూ దీనికీ తేడా ఉంది. టికెట్ మీది అంకెకు ఒక దిక్కు ఉంది, ఒక తేదీ ఉంది, తప్పితే అడగడానికి ఒక మనిషి ఉన్నాడు.

దూరం ఎందుకు ఉండాలంటే

మరి కిలోమీటర్లు కూడా దండగేనా అని అడిగితే, కాదు. మొదట్లో అవీ పనికిరానివే అని రాయబోయాను. యూరోపియన్ యూనియన్‌లో 2004లో చేసిన ప్రయాణికుల పరిహారం నియమం చదివాక ఆ మాట కొట్టేశాను. విమానం రద్దయినా, బాగా ఆలస్యమైనా ఎంత పరిహారం ఇవ్వాలో అందులో దూరాన్ని బట్టి తేల్చారు. 1,500 కిలోమీటర్లు, 3,500 కిలోమీటర్లు గీతలు. ఆ దూరం విమానం తిరిగిన దారి కాదు, గ్రేట్ సర్కిల్ దూరమే అని అందులోనే రాశారు. ఎందుకో ఊహించొచ్చు. ఆ రోజు పైలట్ ఎటు చుట్టు తిరిగాడు, గాలి ఎటు వీచింది అని వాదించుకుంటూ కూర్చుంటే పరిహారం ఎప్పటికీ రాదు. ఎవరు కొలిచినా అదే వచ్చే అంకె ఒకటి కావాలి. ఆ పనికి గ్లోబు మీద దారాన్ని మించింది లేదు.

కాబట్టి దారాన్ని ఉంచుకుందాం. దాన్ని 800తో భాగించడమే మానేద్దాం. సైటు వాళ్లు నిజంగా సాయం చెయ్యాలనుకుంటే దూరం ఒకటి చెప్పి, పోయే సమయం ఒక వరుసలో, వచ్చే సమయం ఇంకో వరుసలో, "ఇంత నుంచి ఇంత" అని చెప్పొచ్చు. ఒకే అంకె అయితే గుర్తుంచుకోవడం తేలిక అంటారు. తేలికే. తప్పు అంకె కూడా అంతే తేలిగ్గా గుర్తుంటుంది, చూశాం కదా, బాబాయి ఆ మూడున్నర గంటలు పట్టుకుని వారం రోజులు నన్ను వేపుకుతిన్నాడు.

ఆయన వెళ్లొచ్చాడు. ఇంటికి పోతే జేబులోంచి చిన్న నోటుపుస్తకం తీశాడు. గడియారం మార్చకుండా అన్నీ మన టైంలోనే రాసుకున్నాడట. పోయేటప్పుడు విమానం కదిలింది 6:18, చక్రాలు లేచింది 6:41, చక్రాలు ఆనింది 9:49, ఆగింది 10:04. అంటే గాల్లో 3 గంటల 8 నిమిషాలు, మొత్తం 3 గంటల 46 నిమిషాలు. వచ్చేటప్పుడు గాల్లో 2 గంటల 46 నిమిషాలు, మొత్తం 3 గంటల 20 నిమిషాలు. నాలుగు అంకెల్లో సైటు చెప్పిన మూడున్నర ఎక్కడా లేదు. టికెట్‌తో చూస్తే పోయేటప్పుడు పంతొమ్మిది నిమిషాలు, వచ్చేటప్పుడు పదిహేను నిమిషాలు మిగిలాయి.

"మేమూ కలిపేవాళ్లం" అన్నాడు బాబాయి, కాస్త గొంతు తగ్గించి. "రాత్రి బస్సుకో టైం, పగటి బస్సుకో టైం. ఎక్కువ కలిపితే డ్రైవరు దారిలో ఆపి కునుకు తీస్తాడు, తక్కువ కలిపితే తోలేస్తాడు. చానా కష్టంరా అది."

పుస్తకం నా చేతికిచ్చాడు. పేజీ పైన 2,400 కి.మీ. అని ఒక్కసారి రాసి ఉంది. దాని కింద స్కేలు పెట్టి గీసిన రెండు గడులు, ఒకదాని మీద "పోవడం", రెండోదాని మీద "రావడం".